గాలి కొట్టింది

మిస్ట్రాల్ ఎక్కడ వీస్తుందని నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఫ్రాన్స్‌లో, రోన్ నది లోయలో. బోరా? ఆడ్రియాటిక్ సముద్రం ఒడ్డున. పాంపెరో? అర్జెంటీనా గడ్డి మైదానాల్లో. పద్దెనిమిదేళ్ళుగా సోషల్ టీచరుగా పిల్లలకు ఇవే చెబుతున్నాను. స్థానిక పవనాల పాఠమంటే రెండు గడుల పట్టిక. ఒక గడిలో వేడిగాలులు, ఇంకో గడిలో చల్లగాలులు. బోర్డు మీద గీత గీసి రాస్తే పిల్లలు చకచకా ఎక్కించుకుంటారు. పరీక్షలో వస్తే ఒక మార్కు. ఆ ఒక్క మార్కు పాఠం ఇప్పుడు నా నోట్లోంచి రాదు. ఎందుకు రాదో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

ముందు నా నోటి సంగతి చెప్పాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎదుటివాళ్ళు మాట పూర్తి చేసేదాకా ఆగలేను. సగంలోనే అందుకుని, వాళ్ళు చెప్పబోయేది నాకు తెలిసిపోయినట్టు తీర్పు చెప్పేస్తాను. స్టాఫ్‌రూమ్‌లో కూడా నాకు ఆ పేరుంది. "నీ సెల్లెది నోరా, బడి గంటనా?" అని మా వదిన మా అన్నను ఆటపట్టించేదట. నేను కూడా విని నవ్వేదాన్ని. నవ్వాను గానీ మారలేదు.

నేను ఉండేది కోదాడలో. పుట్టింది తిరుమలగిరి దగ్గర మెట్ట ఊళ్ళో, గొర్రెలు కాసే ఇంట్లో. అయ్య పోయేనాటికి నేను ఏడో తరగతి. అన్న పదో తరగతి. రెండు పుస్తకాల సంచులూ ఒక్క మందా ఇంట్లో ఉంటే, తన సంచి దూలానికి తగిలించి మందను తోలుకుపోయాడు అన్న. నాది తగిలించనివ్వలేదు. మా ఊరి నుంచి బడి రెండు కిలోమీటర్లు ఉత్తరానికి ఉండేది. చలికాలం పొద్దున్నే నన్ను బడి దాకా దించి, అక్కడి నుంచి మంద దగ్గరికి పోయేవాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి తీసుకొచ్చేవాడు. పొద్దున నా కుడిపక్కన నడిచేవాడు, సాయంత్రం ఎడమపక్కన. నేను ఆ పక్కకు జరిగితే చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేవాడు. ఇదేం పిచ్చిరా బాబూ అనుకునేదాన్ని. ఎందుకని ఒక్కరోజు కూడా అడగలేదు.

రెండు చలికాలాల కిందటి మాట. తొమ్మిదో తరగతిలో ఆ పట్టిక రాస్తుంటే రెండో బెంచీ అమ్మాయి లేచింది. "టీచర్, వేడిగాలి గడిలో మన దేశంది లూ అని రాశారు కదండీ, అంటే వడగాలి. మరి మన చలిగాలికి పేరేంటండీ?" అంది. పుస్తకంలో లేదు. నాకూ తెలియదు. తెలియదని చెప్పడం నాకు చేతకాని పని. "మనకంత చలి ఎక్కడ ఏడ్చింది? కూర్చో" అన్నాను. పిల్ల కూర్చుంది గానీ ఆ ప్రశ్న మాత్రం కూర్చోలేదు, ఇంటిదాకా నా వెంట వచ్చింది. చలిగాలి గురించి అడగాలంటే నాకు తెలిసిన మనిషి ఒక్కడే.

ఏటా వరి కోతలు అయిపోగానే అన్న మందను మెట్ట నుంచి దించి మిర్యాలగూడ వైపు కాలువ కింది పొలాలకు తోలుకొస్తాడు. కోసిన మళ్ళలో గొర్రెలకు మేత, రైతుకు ఎరువు. వదిన కూడా వెంట వస్తుంది. గట్టు మీద టార్పాలిన్ పట్టా కట్టుకుని రెండు మూడు నెలలు అక్కడే ఉంటారు. ఆ ఆదివారం నేను మిర్యాలగూడలో బస్సు దిగి, ఆటో ఎక్కి వాళ్ళ దగ్గరికి పోయాను.

నన్ను చూడగానే అన్న ముఖం విప్పారింది. "ఏందే సెల్లె, దారి తప్పొచ్చినవా?"

"నీతోటి పనిబడి వచ్చానన్నా."

"వచ్చానా! సూడు, కోదాడ నీళ్ళు దాగి మాటే మారె. ఇగ రేపటి సంది నన్ను 'అన్నయ్య గారండీ' అంటవేమో" అని ఒకటే నవ్వు. వదిన పొయ్యి దగ్గర నుంచి వంత పాడింది. "టీచరమ్మ ఏమన్న ఆమెకు సెల్లుతది, నువ్వు ఊకో."

టీ తాగుతూ నా పాండిత్యమంతా ఒలకబోశాను. మిస్ట్రాల్ వీచే ఊళ్ళలో పాత ఇళ్ళు ఉత్తరానికి వీపు పెట్టుకుని ఉంటాయని, ఆ వైపు కిటికీలు పెట్టరని, పొలాలకు అడ్డంగా చెట్లను వరసగా నాటుతారని చెప్పాను. రోజుల తరబడి ఆగకుండా కొడుతుంటే మనుషులకు తిక్క పుడుతుందట అన్నాను. "గట్లయితె నీకు పుట్టినప్పటి సంది గదే గాలి కొడుతున్నట్టుంది" అన్నాడు. బోరా గాలికి ఒక పట్నంలో వీధుల వెంట తాళ్ళు కట్టేవారని, జనం అవి పట్టుకుని నడిచేవారని చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "తాడు వట్టుకొని బజారుకు పోతరా? ఓరి దేవుడా!"

తర్వాత అమెరికాలో నార్తర్ అనే గాలి గురించి చెప్పాను. మధ్యాహ్నం చెమట పోసిన రోజే పొద్దుగూకేసరికి మంచు కురుస్తుందట. మైదానంలో పశువులు ఆ గాలికి వీపు పెట్టి నడవడం మొదలుపెట్టేవట, కంచె అడ్డం వచ్చేదాకా నడిచి, అక్కడ ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోయేవట. ఇది విని అన్న నవ్వలేదు. మంద వైపు చూశాడు.

"మన గొర్లూ గంతే సెల్లె. గాలికి వీపు వెట్టినంక జీవం ఆగదు. నడుస్తనే ఉంటది, యాడికి పోతున్నదో దానికే తెల్వది. కేకేస్తె ఇనది. మనిషి ముందుగాల ఉరికి, గాలికి అడ్డం నిలవడాలె. గప్పుడు ఆగుతది."

"మరి మన చలిగాలికి పేరుందా?" అన్నాను, నోటుబుక్కు తీసి.

"ఒక్కటేనా? నాలుగున్నయి" అన్నాడు. అవి ఊరందరి పేర్లు కావు, తను పెట్టుకున్నవి. తుపాను పట్టినప్పుడు చినుకుతో కలిసి వచ్చి ఉన్నిని తడిపేది ముసురుగాలి. కోతలయ్యాక బోడి మళ్ళ మీద అడ్డూ ఆపూ లేకుండా దూసుకొచ్చేది కోతగాలి. మూడోదాన్ని దొంగగాలి అంటాడు. తెల్లవారుజామున ఆకాశం తేటగా ఉంటుంది, చెట్టు మీద ఆకు కదలదు. నేలబారున పాకుతూ వచ్చి, పడుకున్న గొర్రెపిల్లల కడుపు కింద దూరుతుంది. లేచి చూసేసరికి రెండు మూడు పిల్లలు కొయ్యబారి ఉంటాయి. "సప్పుడు జెయ్యదు. గందుకే దొంగది" అన్నాడు. నేను రాసుకున్నాను.

"నాలుగోది?"

"అది గీడ ఉండదు. వాడపల్లి కాడ ఉంటది. మూసి పోయి కృష్ణల కలుస్తది సూడు, గాడ నీళ్ళ మీదికెల్లొస్తది. గది సెప్తె తెల్వదే. వచ్చి నిలవడాలె. నువ్వు వస్తె గప్పుడు సెప్త దాని పేరు."

"ఇప్పుడు చెప్పొచ్చు కదన్నా, రాసుకుంటా."

"రాసుకున్నంక నువ్వింక రావు" అన్నాడు.

వచ్చే ఆదివారం అన్నాను. వచ్చే ఆదివారం మీటింగు పడింది. ఆ పై ఆదివారం ఇంట్లో బంధువులు. నెల తిరగలేదు.

ఆ పొద్దున బడిలో ప్రార్థన గంట కొట్టబోతున్నారు. వదిన ఫోను. "టీచరమ్మా, మీ అన్నకు గాలి కొట్టింది. మందను లేపవోయి కూలబడ్డడు. మాట సక్కగ తిరుగుతలేదు. ఏం జెయ్యాలె?"

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ ముందటేడు మా పిన్ని కూతురికి జ్వరం ఎక్కి కలవరిస్తుంటే గాలి సోకిందన్నారు. గాలి సోకిందంటే మా వైపు దయ్యం పట్టిందని అర్థం. గుంజకు కట్టి వేపమండలతో కొట్టించారు. పది రోజుల తర్వాత దవాఖానకు తెచ్చారు, పిల్ల దక్కలేదు. ఆ రోజు చుట్టాలందరినీ పేరుపేరునా కడిగి పారేశాను. ఇంకోసారి గాలి అన్న మాట ఎవరి నోటి వెంటైనా వస్తే ఊరుకోనన్నాను. వదిన ఫోనులో గాలి అనగానే నా ఒళ్ళు మండింది.

"మళ్ళ మొదలువెట్టిన్రా? గాలీ లేదు, ధూళీ లేదు! రాత్రి కల్లు ఎక్కువైంటది. గొంగడి కప్పి పండుకోబెట్టు. సాయంత్రం నేనొస్త. గప్పటిదాక ఎవ్వని దగ్గరికన్న తీస్కపోయినవంటె ఇగ నా మొఖం సూడకు, సెప్తున్న!"

"గది గాదు, నేననేది..."

"నువ్వేం అనకు" అని పెట్టేశాను. ఫోను సైలెంటులో పెట్టి సంచిలో పడేసి క్లాసుకు పోయాను. పోతూ పోతూ పక్క టీచరుతో, "మా వాళ్ళు మారరండీ" అని కూడా అన్నాను.

మధ్యాహ్నం అన్నం డబ్బా కోసం సంచి తెరిస్తే తొమ్మిది మిస్డ్ కాల్స్. చివరిది ఆ పొలం రైతుది. చేస్తే ఆయనే ఎత్తాడు. "అమ్మా, మీ అన్న చెయ్యి లేవట్లేదు, మూతి వంకర పోయింది. కారులో మిర్యాలగూడ దవాఖానకు తీసుకొచ్చినం. సూర్యాపేట పొమ్మన్నరు, అటే పోతున్నం." కోదాడ నుంచి సూర్యాపేట బస్సులో నిలబడే పోయాను. సీటు ఖాళీగానే ఉంది, కూర్చోవాలని తోచలేదు.

దవాఖానలో డాక్టరమ్మ చిన్నపిల్లే. "ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది. పొద్దున ఎనిమిదిన్నరకని వదిన చెప్పింది. ఆ పిల్ల ముఖం మారింది. "వెంటనే తెస్తే గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చే వీలుండేదమ్మా. ఇప్పుడు ఆ టైం దాటిపోయింది. ఇంతసేపు ఎందుకు ఉంచారు?"

నేను పక్కనే నిలబడి ఉన్నాను. వదిన నా వైపు చూడలేదు. "తప్పు నాదే మేడం. పండుకుంటె తగ్గుతదనుకున్న" అంది.

నాదని అనలేదు నేను. పద్దెనిమిదేళ్ళు పిల్లల చేత తప్పులు ఒప్పించిన దాన్ని, ఎవరు చేశారో వాళ్ళే లేచి నిలబడాలని రోజూ చెప్పేదాన్ని, ఆ గదిలో నోరు తెరవలేదు. చలికి బీపీ పెరుగుతుందని, ఈ కాలంలో ఇలాంటి కేసులు ఎక్కువే వస్తాయని డాక్టరమ్మ చెబుతుంటే కాగితం చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

బయట వరండాలో వదినను అడిగాను. "పొద్దుగాల ఫోన్ల నువ్వేమన్నవ్? గాలి సోకిందన్నవా?"

"లేదు టీచరమ్మా. గాలి కొట్టిందన్న. సలిగాలి కొట్టి మూతి గుంజుకపాయె అని. సోకిందని నేనెందుకంట? ఆ పిల్ల పోయినంక గా మాట నేను అననే అనలే."

కొట్టడం వేరు, సోకడం వేరు. మా ఇళ్ళల్లో పసిపిల్లకు కూడా ఆ తేడా తెలుసు. గాలి సోకితే దయ్యం. గాలి కొడితే చలిగాలి తగిలి మూతీ చెయ్యీ పడిపోవడం. వదిన చెప్పిందీ, డాక్టరమ్మ చెప్పిందీ ఒకటే. చదువురాని వదిన సరైన మాటే వాడింది. ఆమె కొట్టింది అంటే నేను సోకింది అని విన్నాను. మాట తిరుగుతలేదు అన్నది మాత్రం సరిగ్గానే విన్నాను. అది విని కూడా కల్లు అన్నాను. మా అన్న పొద్దున మందను లేపే రోజుల్లో కల్లు ముట్టడని నాకంటే ఎవరికి తెలుసు? ఛీ, నాదీ ఒక చదువేనా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

అన్న బతికాడు. కుడి చెయ్యి రాలేదు, కుడికాలు ఈడ్చి నడుస్తాడు. ఆ పక్క స్పర్శ కూడా సరిగా లేదు. మాట పోయింది. ఎదుటివాళ్ళు అన్నదంతా అర్థమవుతుందని, జవాబుకు మాటలే దొరకవని డాక్టరమ్మ చెప్పింది. మిగిలింది ఒక్కటే మాట. మంచిదే. ఇదివరకు కూడా ఏం చెప్పినా మంచిదే అనేవాడు, అది ఆయన అలవాటు. ఇప్పుడు దేనికైనా అదే. అన్నం తింటావా అంటే మంచిదే. కాలు నొప్పి పెడుతోందా అంటే మంచిదే. మాట రాక ఏడుస్తూ కూడా మంచిదే, మంచిదే అంటాడు. అది వినలేక నేను వరండాలోకి వచ్చేసేదాన్ని.

మందను అమ్మిన రోజు నేనూ ఉన్నాను. వ్యాను తెచ్చిన మనుషులు ఎంత అదిలించినా గొర్రెలు ఎక్కలేదు. అవి అన్న కేకకు తప్ప కదలవు. నాలుకను పళ్ళకు తాటించి, చివర సాగదీసే ఒక కేక ఉండేది ఆయనకు. మంచం మీద కూర్చుని నోరు తెరిచాడు. పెదాలు తిప్పాడు, మెడ నరాలు ఉబ్బాయి. చివరికి మంచిదే అని వచ్చింది. గొర్రెలకు ఆ కేక తెలియదు. ఒక్కొక్కదాన్ని కాళ్ళు పట్టి ఎత్తి లోపల పడేశారు. వదిన ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఏడాది ఆ పాఠం రోజు సెలవు పెట్టాను. ఈ ఏడాది పెట్టలేదు. బోర్డు మీద గీత గీశాను. వేడిగాలులు రాశాను. చల్లగాలుల గడిలో మిస్ట్రాల్ అని రాసి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిల్లలు గుసగుసలాడుకున్నారు. చివరికి తిరిగి, "ఇవి పుస్తకంలో ఉండవు, రాసుకోండి" అని ముసురుగాలి, కోతగాలి, దొంగగాలి చెప్పాను. అవి మా అన్న చెప్పాడన్నాను. నాలుగోది కూడా ఉంది, నాకు తెలియదన్నాను. నా సర్వీసులో పిల్లల ముందు తెలియదని అనడం అదే మొదలు.

ఆ ఆదివారమే కారు మాట్లాడుకుని తిరుమలగిరి వైపు మా ఊరికి, అన్న ఇంటికి పోయాను. "అన్నా, వాడపల్లి పోదమా?" అన్నాను. "మంచిదే" అన్నాడు. వదిన ఆయనకు గొంగడి కప్పింది, చెప్పులు తొడిగింది. సూర్యాపేట మీదుగా మిర్యాలగూడ దాటి, సిమెంటు ఫ్యాక్టరీల పొగ గొట్టాలు కనబడే దారిలో వాడపల్లి చేరేసరికి పొద్దు వాలుతోంది. సంగమం దగ్గర మెట్ల మీద ముగ్గురం కూర్చున్నాం. వదిన నాకు ఒక పక్క, అన్న ఆమెకు అవతల.

కాసేపటికి వచ్చింది గాలి. నీళ్ళ మీద నుంచి వచ్చి తిన్నగా చెవుల్లో కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజమే, చెబితే తెలిసేది కాదు.

"ఇదేనా అన్నా? దీని పేరేంది?"

అన్న నది వైపు చూశాడు. పెదాలు దగ్గరికి తెచ్చాడు, విప్పాడు, మళ్ళీ తెచ్చాడు. పేరు ఆయనకు గుర్తుందని ముఖంలో తెలుస్తూనే ఉంది. చాలాసేపు పెనుగులాడి, తల వంచుకుని, "మంచిదే" అన్నాడు.

ఇంక నా వల్ల కాలేదు. "అన్నా, ఆ రోజు వదిన ఫోను జేస్తె పండుకోబెట్టమన్నది నేనే. తాగినవన్నది నేనే. ఆమె సరిగ్గనే సెప్పింది, నేనే ఇనలే. దవాఖానల కూడ తప్పు ఆమె మీదనే ఉంచిన. నీ మాట నేనే పోగొట్టిన" అని ఏడ్చాను. మెట్ల మీద అటూ ఇటూ పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ అనుకున్నాను.

వదిన నా వీపు మీద చెయ్యి వేసింది. "ఊకో టీచరమ్మా. ఆయనకు గప్పటి సందే ఎర్క. రెండు సేతులతోని ఆయన తల వట్టుకునేటందుకు ఫోను స్పీకర్ల వెట్టి ఆయన పక్కన నేల మీద వెట్టిన గదా. నువ్వన్నదంత ఆయన ఇన్నడు."

విన్నాడు. గాలి కొట్టి నేల మీద పడి ఉండి, నోరు పెగలక, తాగి ఉంటాడన్న నా మాట విన్నాడు. అంతా తెలిసే ఇన్నాళ్ళూ నేను పోయిన ప్రతిసారీ నన్ను చూసి నవ్వాడు. నాకు ఏడుపు కూడా ఆగిపోయింది.

అన్న ఎడమచెయ్యి మెట్టు మీద ఆనించి లేచాడు. వదిన పట్టుకోబోతే వద్దని తల ఊపాడు. కాలు ఈడ్చుకుంటూ మా వెనక నుంచి నడిచాడు. నా మొహం చూడలేక కారు దగ్గరికి పోతున్నాడనుకున్నాను, అది న్యాయమే అనుకున్నాను. నేనూ లేవబోయాను. భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. అటుగా వచ్చి, నాకు రెండోపక్కన, నది వైపు మెట్టు మీద, గొంగడి బాగా పరుచుకునేలా విప్పుకుని కూర్చున్నాడు.

చెవుల్లో హోరు ఆగింది. గాలి తగ్గిందేమోనని చూశాను. నీళ్ళు అలాగే ఎగిసిపడుతున్నాయి, అన్న గొంగడి అంచు పటపట కొట్టుకుంటోంది. నా మీదికి మాత్రం రావడం లేదు.

బడి ఉత్తరానికి ఉండేది. చలిగాలి తూర్పు నుంచి వచ్చేది. పొద్దున కుడిపక్క, సాయంత్రం ఎడమపక్క.

"మంచిదే" అన్నాడు అన్న. అప్పుడు ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.